మిల్లుపేటకు దారి

నమోదు 14

రోగిని చూసి వచ్చాక డబ్బా బండిలో కూర్చుని వాళ్ళ పరిస్థితి చెప్పి నమోదు చేయాలని మా ఫిజియోథెరపిస్టులకు నియమం. ఆసుపత్రికి కావలసింది చెప్పేశాను. ఖాసింబీ, అరవై ఏడేళ్ళు, తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది, ఇవాళ చేతికర్ర పట్టుకుని వీధి మలుపు దాకా నడిచింది. ఇక్కడి నుంచి చెప్పేది ఆసుపత్రికి కాదు, నాకు. ఇల్లు చేరడానికి ఇంకా గంట పడుతుంది. ఈ గంటసేపు నోరు మూసుకుని కూర్చుంటే వాంతి చేసుకుంటానేమో.

నాకంటే ముందు ఈ డబ్బాలో ఎవరో కోడిగుడ్డు పఫ్ తిన్నారు. తిని, చేతులు సీటుకు తుడిచారు. సీటు కింద ఉచ్చ పోసుకునే సీసా సగం నిండి ఉంది. ఆ వాసన మీద మల్లెల సెంటు చల్లి, డబ్బా నాకు తియ్యటి గొంతుతో నమస్కారం పెట్టింది.

డ్రైవరు లేని ఈ డబ్బా బళ్ళు వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఇకమీదట దూరమన్నదే ఉండదని అందరూ సంబరపడ్డారు. నిజమే, ఇప్పుడు దూరం ఎవరికీ పట్టడం లేదు. పడుకుని పోవచ్చు, తింటూ పోవచ్చు, పిల్లలకు పాఠాలు కూడా డబ్బాలోనే. దాంతో ఊరు ఎటు తోస్తే అటు పాకింది. ప్రతి కాలనీకీ ఒకే గేటు. గేటు లోపల ఒక రోడ్డు, దాని నుంచి చీలే రోడ్లు, ప్రతి చీలికా పోయి ఒక గోడకు తగులుతుంది. ఒక కాలనీలోంచి ఇంకో కాలనీలోకి దారి ఉండదు. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు పెద్ద రోడ్డు మీదికి రావాలి, అక్కడ అందరితో పాటు పాకాలి.

మా హరితశిఖరం కాలనీలో నా వంటింటి కిటికీ తెరిస్తే పెరడు, పెరటి చివర ప్రహరీ గోడ. గోడకు అవతల ఖాసింబీ ఇల్లు. ఆవిడ కుట్టుమిషను తొక్కుతుంటే నాకు ఇక్కడికి వినిపిస్తుంది. గోడ లేకపోతే పొయ్యి మీద పాలు పెట్టి వెళ్ళి, పొంగేలోపు తిరిగి రావచ్చు.

“వచ్చావా అమ్మాయ్?” అంది ఇవాళ నన్ను చూడగానే. “పొద్దున మీ ఇంట్లో తాలింపు వాసనొచ్చింది. ఇంగువ ఎక్కువేశావు. వాసనొచ్చి ఇంతసేపైంది, మనిషివి ఇప్పటికి తేలావా?”

“ఊరంతా తిప్పి తెచ్చింది పెద్దమ్మా.”

“తిప్పనీలే. నా కోసం ఊరేగి వచ్చేవాళ్ళు ఇంకెవరున్నారు!”

ఖాసింబీ ఉండే మిల్లుపేట పాత పేట. నూలు మిల్లు నడిచే రోజుల్లో కూలీల కోసం వేసిన వీధులు. ఇరుకే, కానీ ఏ వీధిలో పడినా ఇంకో వీధిలో తేలుతాం. అక్కడి వాళ్ళు ఇంకా నడుస్తారు. అందుకే వాళ్ళ కాళ్ళు కాళ్ళలా ఉంటాయి. మా కాలనీలో నా చేతికి దొరికే కాళ్ళు వేరు. తెల్లగా, మెత్తగా, నీళ్ళలో నానిన బ్రెడ్డులా ఉంటాయి. వేలితో నొక్కితే పడిన గుంట లేవదు. ఆ కాళ్ళను రోజంతా పిసికి ఇంటికొచ్చి అన్నం కలుపుకోవాలంటే ఎన్నిసార్లు సబ్బు పెట్టినా చాలదు.

నమోదు 17

మిల్లుపేటకు తూర్పున ఇంకో గోడ లేచింది. అటు కొత్తగా ఒక కాలనీ వేస్తున్నారు. ఆ వైపు వీధులు మూడూ ఒకేసారి మూసుకుపోయాయి. ఉత్తరం వైపు మా కాలనీ ఎప్పుడో మూసింది, పడమర నిరుడు మూశారు. ఇక మిగిలింది దక్షిణాన ఒకే ఒక్క సందు. నా ప్రయాణం గంటన్నర అయింది.

గోడ కట్టింది ఏసోబు. ఖాసింబీ ఎదురింటి మేస్త్రీ, యాభై దాటినవాడు. మా గోడ కట్టిందీ అతనేనట. ఇవాళ అరుగు మీద కూర్చుని, గోళ్ళలో ఇరుక్కున్న సిమెంటు గీక్కుంటున్నాడు.

“సొంత పేటకు చుట్టూ గోడలు కట్టడానికి చేతులెలా వచ్చాయి అన్నా?” అని అడిగేశాను.

“నేను కట్టకపోతే మిషనొచ్చి కడద్ది డాక్టరమ్మా. దానికంటే నేను కడితే నా ఇంట్లో పొయ్యన్నా రాజుకుద్ది గదా.”

అతని మీద కోపం తెచ్చుకోవడం తేలిక. నేను మాత్రం గోడకు ఇవతల కొన్న ఇంట్లో ఉంటున్నాను.

ఈ నమోదులు ఇప్పుడు ఇంటికొచ్చాక కూడా చేసుకుంటున్నాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన సుధీంద్రతో చెప్పాను. అతను కాలనీ సంఘానికి కార్యదర్శి. మంచివాడు, అంటే నాతో మంచిగా ఉంటాడు. దానిమ్మకాయ వలిచి గింజలు నా గిన్నెలో పోస్తూ విన్నాడు.

“వకుళా, వీధి అనేది కారుతున్న కుళాయి లాంటిది,” అన్నాడు. “కట్టేస్తేనే ఇంట్లో నీళ్ళుంటాయి. ముందుకు దారి లేని రోడ్డు మీద ఉన్న ఇంటికే ధర. నలుగురూ నడిచే రోడ్డు మీద ఇల్లెవడు కొంటాడు?”

“ఆ నలుగురూ ఎటు నడవాలి మరి?”

“డబ్బాలున్నాయిగా!”

అతను చిన్నగా నవ్వి, చేతులు శుభ్రం చేసే సెంటు మందు రాసుకున్నాడు. ఆ దానిమ్మ గింజలు నేను తినలేకపోయాను.

నమోదు 21

వాసన మొదలైంది.

వీధులు ఎటు పోతే మురుగు గొట్టాలూ అటే పోతాయి. గోడ కట్టినవాళ్ళు వీధితో పాటు గొట్టాన్నీ బిరడా వేసి మూశారు. ఉత్తరం గొట్టం మూసింది మా సంఘమే. పక్కవాళ్ళ మురికి మా కిందుగా పోవడం ఏమిటని అప్పట్లో తీర్మానం చేశారట. దక్షిణం సందు కింద మొదటి నుంచీ గొట్టమే లేదు. తూర్పు గొట్టం మొన్నటిదాకా మొత్తం భారం మోసింది. ఇప్పుడు అదీ మూసుకుంది. మిల్లుపేట కడిగిన నీళ్ళు, పేట మరుగుదొడ్ల నీళ్ళు పేటలోనే పైకి లేచాయి. ఖాసింబీ నడక నేర్చుకునే వీధిలో నల్లటి నీళ్ళు, పైన తెట్టు. అందులో తేలుతున్నవేమిటో ఇక్కడ చెప్పను. చెప్పకపోయినా నా చెప్పుల అంచుకు అంటుకుని ఇంటిదాకా వచ్చాయి.

డబ్బా సందు మొదట్లోనే ఆగిపోయింది. “ముందు మార్గం అశుభ్రంగా ఉంది. క్షమించండి,” అంది. మనుషులుంటారని దానికి తెలియదు, చక్రాలు పాడవుతాయని తెలుసు. దిగి, చీర ఎత్తి పట్టుకుని నడిచాను.

ఖాసింబీ మంచం కింద నాలుగు ఇటుకలు పెట్టించుకుని పైకెత్తుకుంది. మిషను బల్ల మీదికి ఎక్కించింది.

“నడవకపోతే కాలు బిగుసుకుపోద్దన్నావుగా,” అంది. “ఇంట్లో ఎంతని తిరగను? నిన్న వాకిట్లో నాలుగడుగులేశాను. అడుగున మేకో, రేకో, గీరుకుంది.”

కాలు చూశాను. బొటనవేలి పక్కన చిన్న గీత. కడిగి కట్టు కట్టాను. మళ్ళీ ఆ నీళ్ళలో కాలు పెట్టొద్దని గట్టిగా చెప్పాను.

“మరి దొడ్డికెట్టా పోను అమ్మాయ్? ఎగిరి పోనా?”

ఇంటికి వచ్చేసరికి మా కాలనీలో మురుగు వాసన తెలియకుండా ఇంటింటికీ సెంటు సీసాలు పంచుతున్నారు. సంఘం ఖర్చుతోనే. గోడ వైపు ఇళ్ళకు రెండేసి. మా వంటింట్లో ఒకవైపు మిల్లుపేట మురుగు, ఒకవైపు సన్నజాజి. రెండూ కలిసిన గాలి పీల్చి చూడాలి ఎవరైనా. సన్నజాజి మీద జన్మకు సరిపడా రోత పుట్టింది.

నమోదు 22

సంఘం సమావేశంలో మాట్లాడాను. సమావేశం అంటే ఒకచోట చేరడం కాదు. ఎవరి డబ్బాల్లో వాళ్ళుంటారు, తెర మీద ముఖాలు కనిపిస్తాయి. ఒకాయన గడ్డం గీసుకుంటున్నాడు. ఒకావిడ నూడుల్స్ జుర్రుతోంది. ఇంకొకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

నేను అడిగింది రెండే. ఉత్తరం గొట్టం బిరడా తీయండి. గోడలో ఒక చిన్న తలుపు పెట్టండి. మన గేటు పక్కనే ఆసుపత్రి ఉంది, మిల్లుపేట వాళ్ళు అటు నుంచి రావాలంటే ఊరంతా చుట్టాలి, తలుపుంటే నడిచి పోతారు.

నూడుల్స్ ఆవిడ ముందుగా అందుకుంది. “తలుపు పెడితే వాళ్ళు మన పార్కులోకి రారా?”

“రావచ్చు. పార్కులో ఎవరూ ఉండరుగా, అందరం డబ్బాల్లోనే కదా,” అన్నాను.

“అదే కదండీ! ఎవరూ లేనప్పుడే కదా వచ్చేది.”

గడ్డం గీసుకుంటున్నాయన నురగ తుడుచుకుని, “వాళ్ళకంత ఇబ్బందైతే వేరే చోటికి మారొచ్చుగా. ఊరు ఇంత పెద్దది,” అన్నాడు.

సుధీంద్ర ఓటింగ్ పెట్టాడు. ఎంతో మర్యాదగా, నా ప్రతిపాదనను నాకంటే బాగా చదివి మరీ పెట్టాడు. అనుకూలంగా రెండు ఓట్లు. ఒకటి నాది. రెండోది కోదండపాణిగారిది. ఆయన మోకాళ్ళకు ఏడాదిగా వైద్యం చేస్తున్నాను. కళ్ళు చెమర్చాయి. ఇంత పెద్ద కాలనీలో ఒక్క మనిషైనా ఉన్నాడనుకున్నాను.

సాయంత్రం వ్యాయామం చేయించడానికి వెళ్ళి కృతజ్ఞతలు చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.

“అయ్యో, పొరపాటున నొక్కానమ్మా. వేలు వణికింది. మార్చుకుందామంటే అవకాశం లేదన్నారు. ఎవరితోనూ అనకే తల్లీ.”

ఆయన మోకాలు నా చేతుల్లోనే ఉంది. వదిలేసి లేచి రావాలనిపించింది. రాలేదు. లెక్కపెడుతూ కాలు మడిపించాను, చాపించాను. చేసే పని మీద కూడా ఏవగింపు కలిగిన రోజు ఇది.

ఓటు ఎటు వేశావని సుధీంద్రను అడగలేదు. లెక్కలో రెండే ఉన్నాయి.

నమోదు 25

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను.

పొద్దున కుట్టుమిషను చప్పుడు లేదు. నిన్నా లేదు. కిటికీ దగ్గర నిలబడి గట్టిగా పిలిచాను. పలకలేదు. డబ్బా ఎక్కి దక్షిణం సందు చేరేసరికి ఎండెక్కింది.

ఖాసింబీ మంచం మీద వణుకుతోంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. కట్టు విప్పితే కుళ్ళు వాసన. బొటనవేలు, దాని పక్క వేలు నల్లబడ్డాయి. ఎరుపు పిక్క దాకా పాకింది. నన్ను చూసి ఎవరో చుట్టాలావిడ అనుకుని, పెళ్ళివారు వచ్చారా అని అడిగింది.

అంబులెన్సు కోసం ఊరి బళ్ళన్నిటినీ నడిపే సారథి యంత్రానికి చెప్పాను. రోడ్డు రద్దీగా ఉంది, సందు మొదటికి రావడానికి రెండు గంటలు అంది. లోపలికి రమ్మంటే మార్గం అశుభ్రం అంది. అక్కడి నుంచి ఆసుపత్రికి ఇంకో గంటన్నర. డాబా మీదికెక్కి చూస్తే ఆసుపత్రి మేడ కనిపిస్తోంది. మా ఇంటి పైకప్పు వెనకే, నీళ్ళ ట్యాంకు మీద కాకి కూర్చున్నా కనిపించేంత దగ్గర.

కిందికి దిగి వచ్చాను. వాకిట్లో ఏసోబు నిలబడి ఉన్నాడు.

“అన్నా, గోడ ఎక్కడ బలహీనంగా ఉంది?”

“బలహీనమా? నేను కట్టింది డాక్టరమ్మా.” కాసేపు ఖాసింబీ వైపు చూశాడు. “ఎట్నుంచి పోదామనుకుంటున్నావు?”

“మా పెరట్లోంచి.”

ఏసోబు ఇంట్లోకి వెళ్ళి గునపం తెచ్చాడు. ఇంకో ఇద్దరు సమ్మెట్లతో వచ్చారు. నేను సుధీంద్రకు ఫోన్ చేశాను. అతను ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు.

“పెరటి వైపు నిలబడకు. గోడ పడుతుంది,” అన్నాను.

“ఏ గోడ? ఎందుకు పడుతుంది?”

“పడగొడుతున్నాం. ఆవిడను మనింట్లోంచి తీసుకుపోతాం.”

“వకుళా, నువ్వు అలసిపోయావు. ఇంటికి రా, మాట్లాడుకుందాం.”

“వస్తున్నాను. ఇప్పుడే.”

ఏసోబు తన గోడను తిట్టుకుంటూ పొడిచాడు. ముందు ఒక ఇటుక, తర్వాత రెండు, తర్వాత ఒక్క ఊపున అంతా కూలింది. కన్నంలోంచి మా పెరట్లో ఆరేసిన దుప్పట్లు కనిపించాయి. మనుషుల కంటే ముందు నీళ్ళు దూకాయి. ఇన్నాళ్ళు నిలిచిన నల్లనీళ్ళన్నీ మా గడ్డి మీదుగా, వంటింటి గడప దాటి లోపలికి పోయాయి.

ఖాసింబీని మంచంతో సహా ఎత్తుకున్నాం. నేను తల వైపు ఒక కోడు పట్టుకున్నాను. పెరట్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి. సుధీంద్ర సోఫా మీదికెక్కి నిలబడి ఉన్నాడు, ముక్కుకు రుమాలు. సోఫా పక్క నుంచే మంచం పోవాలి.

“అటు చివర పట్టుకో. వాళ్ళకు బరువవుతోంది,” అన్నాను.

అతను నీళ్ళ వైపు చూశాడు. ఖాసింబీ కాలు వైపు చూశాడు. కిందికి దిగలేదు. “చెప్పులు... చెప్పులు లేవు నాకు,” అన్నాడు.

పద్దెనిమిదేళ్ళ కాపురంలో అతనికి చెడ్డపేరు పెట్టడానికి నాకెప్పుడూ కారణం దొరకలేదు. ఆ మాట విన్నాక, కారణం వెతకాల్సిన అవసరం తీరింది.

వీధి తలుపు తీసి బయటికొచ్చాం. మా రోడ్డు మీద మంచం మోసుకుంటూ నడిచే మనుషులను చూసి డబ్బాలన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. అద్దాల వెనక నాకు తెలిసిన ముఖాలు, నాకు తెలిసిన మోకాళ్ళు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఒక అద్దం మాత్రం సగం దిగింది, లోపలి నుంచి ఒక చేయి వీడియో తీసింది. గేటు దగ్గర కాపలా మిషను మా వివరాలు అడిగింది. ఏసోబు గునపం చూపించాడు. అది మంచం వంక, గునపం వంక చూసి గేటు తెరిచింది.

ఆసుపత్రి మెట్లెక్కేసరికి ఏసోబుకు ఆయాసం కూడా రాలేదు.

నమోదు 26

బతికింది. రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో పూట ఆలస్యమైతే కాలు తీసేవాళ్ళమని, రెండు పూటలైతే చూడనక్కర్లేదని డాక్టరు చెప్పాడు.

మెలకువ రాగానే ఆమె అడిగిన మాట, “మీ ఇంట్లోంచి తీసుకొచ్చారంటగా? నాకు ఒక్కటీ చూసిన గుర్తు లేదు. మీ వంటిల్లు ఎట్టా ఉంటదో చూద్దామనుకున్నా ఇన్నాళ్ళూ.”

ఇంకో సంగతి. ఏళ్ళ తరబడి తెరవని గొట్టం బిరడాను మా సంఘం అదే సాయంత్రం తీయించింది. దయతో కాదు. నల్లనీళ్ళు మా ఇంటి ముందు గుమ్మం దాటి రోడ్డెక్కాయి, నూడుల్స్ ఆవిడ వాకిట్లో ముగ్గు మీద నిలిచాయి. ఇన్ని వారాలు వందల ఇళ్ళు మునిగితే సెంటు పంచినవాళ్ళు, తమ మడమ తడిస్తే గంటలో మనుషులను దింపారు. మిల్లుపేటలో నీళ్ళు దిగిపోతున్నాయి. సంతోషించాలి. సంతోషిస్తూనే కాండ్రించి ఉమ్మాలనిపిస్తోంది.

నమోదు 28

గోడ అచ్చువేసే యంత్రం వచ్చి పెరటి పక్కన నిలబడింది. చివరి వరుస ఇళ్ళకు ప్రహరీ గోడ ఇంటి స్థలంలోనే లెక్క. యజమాని సంతకం లేనిదే ముట్టుకోకూడదు. ఇల్లు నా పేరున ఉంది. ఆడవాళ్ళ పేరున కొంటే పన్ను తక్కువని సుధీంద్రే రాయించాడు.

“సంతకం పెట్టు వకుళా,” అన్నాడు. “గోడ పూర్తయ్యాక అన్నీ మామూలైపోతాయి.”

“అవవు.”

“మనిల్లు సత్రమైపోతుంది. మన బతుకుల్లోంచి జనం నడుస్తారు!”

“నడవనీ.”

అతను ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, నాకు జాలేసింది కూడా. మర్నాడు రెండు పెట్టెలు సర్దుకుని డబ్బా పిలిపించుకున్నాడు. ఊరికి బాగా బయట, ఈ మధ్యే వేసిన కాలనీలో ఒక ఇల్లు అద్దెకు దొరికిందట. అక్కడ ఒక్కో ఇంటికీ ఒక్కో గోడ ఉంటుందట.

నమోదు 33

తలుపులు రెండూ తెరిచే ఉంచుతున్నాను. పెరటి కన్నానికి ఏసోబు చుట్టూ సిమెంటు పూసి గుమ్మంలా చేశాడు. పొద్దున ఆసుపత్రికి పోయేవాళ్ళు, ఆ తర్వాత పనులకు పోయేవాళ్ళు, మధ్యాహ్నం బడి పిల్లలు, అందరూ వంటిల్లు దాటి హాల్లోంచి నడుస్తారు. నా మంచం, బట్టలు పక్కగదిలోకి మార్చుకుని తాళం వేసుకున్నాను.

మనుషులు నాకేమీ దేవుళ్ళుగా కనిపించడం లేదు. పలకలన్నీ బురద. ఎవరో ఫ్రిజ్ మీద సున్నం వేలు తుడిచారు. నిన్న ఒకడు హాలు మూల కిళ్ళీ ఉమ్మాడు. చొక్కా పట్టుకుని ఆపి, గుడ్డ, బకెట్టు చేతికిచ్చి తుడిపించాను. తుడిచినంతసేపూ నన్ను గొణుగుతూ తిట్టాడు, నేనూ తిట్టాను. తుడవడం అయ్యాక “పనికి ఆలస్యమైంది మేడం” అని పరుగెత్తాడు. రోత పోలేదు. కానీ గోడకు ఇవతల కూర్చుని పడిన రోత వేరు, ఇది వేరు. దీనికి గుడ్డ, బకెట్టు సరిపోతున్నాయి.

ఖాసింబీ కర్ర పట్టుకుని రోజూ తనే వస్తోంది, కట్టు మార్పించుకోవడానికి. వచ్చిన మొదటిరోజే వంటిల్లంతా కలియజూసి, పోపుడబ్బా మూత తీసి, “అందుకే, ఇంగువకింత పెద్ద గిన్నె పెట్టుకుంటే ఎక్కువ పడకేంజేస్తది!” అంది.

మా కాలనీ వాళ్ళు నాతో మాట్లాడరు. కోదండపాణిగారు మాత్రం ఇవాళ పొద్దున తన మోకాళ్ళతో తనే నడిచి వచ్చి, గుమ్మం దగ్గర చాలాసేపు తచ్చాడి, మిల్లుపేటలో ఇడ్లీ బాగుంటుందట కదా అని అడిగారు. పెరటి వైపు చేయి చూపించాను. వెళ్ళారు. మిల్లుపేట వాళ్ళ మధ్య నిలబడి ఆయన ఇడ్లీ తినడం ఊహించుకుంటే నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు.

మధ్యాహ్నం సుధీంద్ర వచ్చాడు. మిగిలిన చొక్కాలు, వాళ్ళ నాన్న ఫొటో తీసుకుపోవడానికి. ఒంటరిగా ఉంటున్నాడేమో, మనిషి చిక్కాడు. బడి వదిలే వేళ అది. వంటింట్లోంచి పిల్లలు, వాళ్ళ వెనక తల్లులు, కూరగాయల గంప ఎత్తుకున్న ఒకావిడ వస్తూనే ఉన్నారు. సుధీంద్ర హాలు మధ్యలో ఫొటో గుండెలకు హత్తుకుని నిలబడిపోయాడు. ఒకప్పుడు సోఫా ఉన్న చోటే.

“వకుళా, ఇది మనిల్లు,” అన్నాడు.

ఈలోపు వెనక నుంచి ఒక ముసలాయన వచ్చాడు. మందుల సంచి చేతిలో ఉంది, ఆసుపత్రి నుంచి పేటకు తిరిగి పోతున్నాడు. మా ఆయన భుజం మీద చేయి వేసి, ఎంతో నెమ్మదిగా అన్నాడు.

“కాస్త పక్కకు జరుగు నాయనా. దారిలో నిలబడ్డావు.”

సుధీంద్ర జరిగాడు.